న్యూబరీ బైపాస్ దారిలోని నువ్వుగింజంత నత్త: తరలింపు ఎందుకు ఫలించలేదు?

ప్రశ్న (రెడింగ్ నివాసి)

అందరికీ నమస్కారం. నేను ఇంగ్లండులోని రెడింగ్‌లో ఉంటాను, ఉద్యోగం న్యూబరీలో. ఆ ఊరి పక్కగా వెళ్ళే ఏ34 బైపాస్ రోడ్డు ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఇక్కడి పెద్దవయసు సహోద్యోగులు రెండు సంగతులు తప్పకుండా చెబుతారు. మొదటిది 1996 తొలి నెలల్లో చెట్లెక్కి కూర్చున్న నిరసనకారుల కథ, రెండవది రోడ్డు దారిలో బయటపడిన ఒక చిన్న నత్త కథ. దాదాపు 10,000 చెట్లు నరికినా, వందలమందిని అరెస్టు చేసినా ఆగని పని, నత్తల కోసం మాత్రం నేలను పెళ్ళగించి మరోచోటికి మోయవలసి వచ్చిందని వాళ్ళు సగం నవ్వుతూ, సగం విసుగుతో చెబుతారు.

తర్వాత నేను చదివి తెలుసుకున్నంతలో ఆ నత్త పేరు వెర్టిగో మౌలిన్సియానా, వాడుకలో డెమూలిన్ నత్త. నువ్వుగింజంత ఉంటుందట. 1996లో దాన్ని గడ్డితో, మట్టితో సహా తీసి కొత్తచోట పెట్టారు, 1998 నవంబరులో రోడ్డు తెరిచారు, 2006 నాటికి తరలించిన చోట ఆ నత్త అంతరించిందని తేల్చారు. కొత్తచోటు ఎక్కడో దూరాన కాదు, అదే లోయలో ఉంది. అదే వాన, అదే ఎండ, అదే గడ్డి ఉన్నప్పుడు అది ఎందుకు బతకలేదన్నది నా మొదటి సందేహం. ఇంత చిన్న జీవికి ఇంత రక్షణ ఏ చట్టం ఇచ్చింది, ఇచ్చినా రోడ్డు ఎలా ముందుకు వెళ్ళింది అన్నది రెండవది. దీన్ని జంతుప్రదర్శనశాలలో పెంచి, వీలైనప్పుడు తిరిగి వదలడం తేలిక కాదా అన్నది మూడవది. తెలిసినవారు వివరంగా రాస్తే సంతోషిస్తాను. నత్త ఎందుకు ముఖ్యం అన్న సాధారణ ఉపన్యాసం కాక ఈ నత్త సంగతే కావాలి.

జవాబు (జంతుశాస్త్ర అధ్యాపకురాలు, గుంటూరు)

ముందు ఈ జీవి ఎలా బతుకుతుందో చెబితే మీ మొదటి సందేహం సగం తీరుతుంది. పూర్తిగా పెరిగిన డెమూలిన్ నత్త గుల్ల ఎత్తు 2.2 నుండి 2.7 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. రంగు పసుపు కలిసిన గోధుమ, పైన నిగనిగలాడే మెరుపు. గుల్ల చివరి చుట్టు పొట్టలా ఉబ్బి ఉంటుంది, నోటి లోపల పళ్ళలాంటి చిన్న బొడిపెలు ఉంటాయి. వెర్టిగో ప్రజాతిలో జాతులను వేరుచేయడానికి ఆ బొడిపెల సంఖ్యనూ అమరికనూ సూక్ష్మదర్శినిలో లెక్కపెట్టడం తప్ప దగ్గరి దారి లేదు. మన పాఠ్యపుస్తకాల్లో నేల నత్తకు రెండు జతల స్పర్శకాలని, అంటే తలమీది కొమ్ములని, చదువుతాం. వెర్టిగోలకు కింది జత ఉండదు, కళ్ళున్న పై జత ఒక్కటే ఉంటుంది.

ఇది సున్నపు నేలల్లోని చిత్తడిలో, పొడవాటి తుంగజాతి మొక్కల మీదా, రెల్లు మీదా, నీటి ఒడ్డున పెరిగే పెద్ద గడ్డి మీదా ఉంటుంది. నేల నత్తే అయినా నేలమీద తక్కువగా కనబడుతుంది. వేసవిలోనూ శరదృతువులోనూ కాడలెక్కి, ఆకుల కింది వైపున అంటిపెట్టుకొని, అక్కడి సూక్ష్మమైన బూజు తింటూ గడుపుతుంది. చలికాలంలో మొక్క మొదళ్ళ దగ్గరికి దిగుతుంది. ఆయుష్షు సుమారు ఏడాది, ఆపైన కొద్దికాలం. అంటే ఒక్క వేసవి పూర్తిగా చెడితే ఆ తరంతో పాటు తర్వాతి తరం కూడా పోయినట్టే లెక్క. ఇంత చిన్న శరీరంలో నీరు నిలవచేసుకునే శక్తి చాలా తక్కువ కాబట్టి చుట్టూ గాలిలో తేమ తగ్గితే తట్టుకోలేదు. ఆ తేమ వాననుండి రాదు, కింద ఎప్పుడూ నిలిచి ఉండే నీటినుండి వస్తుంది.

సంతానం విషయంలో మాత్రం ఇది చాలా సమర్థమైనది. ఉభయలింగ జీవి కావడమే కాక, తనలో తానే ఫలదీకరణం జరుపుకోగలదు. ఒక్క నత్త కొట్టుకుపోయి మంచి తుంగదుబ్బు మీద పడితే అక్కడ కొత్త జనాభా మొదలయ్యే అవకాశం ఉంది. అందుచేత ఇది అరుదు కావడానికి కారణం సంతానలేమి కాదు, అనువైన చోటు లేకపోవడమే. బ్రిటన్‌లో దీని పాత గుల్లలు ఇప్పటి నివాసాలకు చాలా దూరంలో కూడా మట్టి పొరల్లో దొరుకుతున్నాయి. మంచుయుగం ముగిశాక వాతావరణం ఇప్పటికంటే వెచ్చగా ఉన్న వేల ఏళ్ళ నాడు ఇది విస్తారంగా ఉండేదనీ, తర్వాత చలి వల్లా, చిత్తడినేలలకు కాలువలు తీసి సాగులోకి తేవడం వల్లా దక్షిణ, తూర్పు ప్రాంతాల లోయలకు కుదించుకుపోయిందనీ ఆ గుల్లలను బట్టి చెబుతారు. ప్రపంచ స్థాయిలో ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం) దీన్ని ‘దుర్బల’ వర్గంలో ఉంచింది.

జవాబు (విశ్రాంత నీటిపారుదల ఇంజనీరు)

తేమ కింద నిలిచే నీటినుండి వస్తుందని అధ్యాపకురాలు గారు చెప్పిన మాటే నా దృష్టిలో అసలు విషయం. న్యూబరీలో తరలించినది గడ్డి, మట్టి, నత్తలు. తరలించలేనిది నీరు. న్యూబరీ దగ్గర పారే కెన్నెట్, దానిలో కలిసే లాంబోర్న్ మామూలు నదులు కావు. అవి సుద్దరాతి పొరల్లో ఇంకిన వాన నెలల తరబడి ఆలస్యంగా ఊటలుగా బయటికి వస్తే ఏర్పడే వాగులు. పైన ఎండగా ఉన్నప్పుడు కూడా కింద రాతిపొర నీటిని వదులుతూనే ఉంటుంది కాబట్టి వాటి ఒడ్డు చిత్తడిలో వేసవి మట్టానికీ చలికాలపు మట్టానికీ తేడా తక్కువ. ఇలాంటి సుద్ద వాగుల్లో అత్యధిక భాగం ప్రపంచం మొత్తంమీద ఇంగ్లండులోనే ఉంది. ఈ నత్త అడిగేది సరిగ్గా ఆ నిలకడనే: ఏడాది పొడవునా నీరు నేల ఉపరితలానికి దగ్గరగా గాని, కొద్దిగా పైన గాని ఉండాలి, వేసవిలో దిగిపోకూడదు, వరదలో తుంగ పూర్తిగా మునిగిపోనూ కూడదు.

మీరు “అదే లోయ” అన్నారు గదా, నీటి మనిషిగా నాకు ఆ మాటతో పేచీ ఉంది. ఒకే లోయలో పది అడుగుల తేడాలో ఊట తగిలే నేల ఒకటి, తగలని నేల మరొకటి ఉంటాయి. తుంగ రెండుచోట్లా పెరుగుతుంది. కొన్ని ఎండు వేసవులను కూడా తట్టుకొని మరుసటి ఏడు చిగురిస్తుంది. చూసేవారికి కొత్తచోటు పచ్చగా, ఆరోగ్యంగా కనబడుతుంది. నత్త మాత్రం ఆ ఎండు వేసవి దగ్గరే ఆగిపోతుంది. న్యూబరీలో మొదటి కొన్నేళ్ళు నత్తలు నిలిచాయి, తర్వాత నేల కావలసినంత తడిగా లేక క్షీణించాయి. మొక్క బతికింది కనుక తరలింపు నిలిచిందనుకుంటే ఇలాంటి పనుల్లో మోసపోతాం. మొక్కను చూసి ఆనందించే ముందు గొట్టం దింపి నీటిమట్టం కొలవాలి, అదీ ఒక ఋతువులో కాక ఏళ్ళ తరబడి కొలవాలి.

దీనికి ఎదురుగా ఐర్లండులోని మరో రోడ్డు కథ చెప్పాలి. కిల్డేర్ పట్టణం దగ్గర బైపాస్ కట్టవలసి వచ్చినప్పుడు రోడ్డు కొంత దూరం నేలను లోతుగా తవ్వి వెళ్ళాలి. ఆ తవ్వకం కర్రా మైదానం కింద ఉన్న భూగర్భ జలపొరను తాకుతుంది. ఆ జలపొరే పొలార్డ్స్‌టౌన్ ఫెన్ అనే సున్నపు ఊటల చిత్తడికి నీరిస్తుంది, ఆ నీటిలో కొంత గ్రాండ్ కెనాల్‌కు కూడా పోతుంది. ఆ ఒక్క చిత్తడిలో మూడు రకాల వెర్టిగోలు ఉన్నాయి: డెమూలిన్ నత్త, వెర్టిగో గైయరీ, వెర్టిగో అంగుస్టియర్. మామూలు పద్ధతిలో తవ్వి, వచ్చిన నీటిని పంపులతో తోడిపోస్తే రోడ్డు పని తేలికే, కాని చిత్తడికి చేరవలసిన ఊట తగ్గుతుంది. బోరు పడితే పక్క బావి అడుగంటడం చూసిన మన రైతులకు ఇందులో కొత్త సంగతి లేదు. అక్కడ నత్తలను మోయలేదు. తవ్విన భాగానికి నీరు చొరని పొర పరిచి, రోడ్డును దాదాపు ఒక తొట్టిలో నడిపించారు. 2003 చివర ఆ రోడ్డు తెరుచుకుంది. పని ఆలస్యమైందని, ఖర్చు పెరిగిందని పత్రికల్లో ఎగతాళి బాగానే జరిగింది. ఆ పద్ధతి వల్ల చిత్తడికి ఏ ఇబ్బందీ రాలేదని నేను అనను. వెర్టిగో గైయరీ నీటిమట్టంలో కొద్ది సెంటీమీటర్ల మార్పుకే స్పందించే జీవి. కాని ఒక ఇంజనీరుగా నేను గౌరవించేది అక్కడ వేసుకున్న ప్రశ్నను. నత్తను ఎక్కడ పెట్టాలి అని కాక, నీటిని ఉన్నచోట ఎలా ఉంచాలి అని ఆలోచించారు.

న్యూబరీ నత్తకు రోడ్డు ఒక్కటే శత్రువు కాదని కూడా చేర్చాలి. కెన్నెట్ పరీవాహకంలోని భూగర్భ జలాన్ని పట్టణాలకు తోడడం మీద, ముఖ్యంగా స్విండన్ పట్టణ అవసరాలకు ‘యాక్స్‌ఫర్డ్’ (ఆక్స్‌ఫర్డ్ కాదు) అనే చిన్న ఊరి దగ్గర తోడే నీటి మీద, దశాబ్దాల తరబడి వివాదం నడిచింది. రోడ్డు కనబడుతుంది కనుక దానిమీద యుద్ధం జరిగింది. బోరు కనబడదు.

జవాబు (న్యాయశాస్త్ర విద్యార్థి, హైదరాబాద్)

మీ రెండవ సందేహానికి జవాబు జీవులనూ వాటి నివాసాలనూ కాపాడే 1992 నాటి యూరప్ చట్టంలో, అంటే ‘ఆవాసాల ఆదేశం’లో ఉంది. దాని రెండవ అనుబంధంలో నాలుగు వెర్టిగో జాతులు ఉన్నాయి: పైన ఇంజనీరు గారు చెప్పిన మూడు, వాటితో పాటు వెర్టిగో జెనెసీ. రెండవ అనుబంధంలో చేరిన జీవి కోసం సభ్యదేశాలు ప్రత్యేక సంరక్షణ ప్రాంతాలను గుర్తించాలి. జీవిని పట్టడం, చంపడం నేరుగా నిషేధించేది నాలుగవ అనుబంధం, డెమూలిన్ నత్త అందులో లేదు. కాబట్టి ఈ నత్తకు దొరికిన రక్షణ దాని ఒంటికి కాదు, అది ఉండే స్థలానికి. స్థలం జాబితాకెక్కితేనే ఆ రక్షణ పనిచేస్తుంది.

న్యూబరీలో చిక్కు అక్కడే వచ్చింది. 1996లో నత్త దొరికేనాటికి ఆ చిత్తడి ప్రత్యేక సంరక్షణ ప్రాంతంగా ఇంకా ఏర్పడలేదు. బర్క్‌షైర్, బకింగ్‌హామ్‌షైర్, ఆక్స్‌ఫర్డ్‌షైర్ ప్రకృతి సంరక్షణ సంస్థ హైకోర్టుకు వెళ్ళింది. రోడ్డు పని ఆపడానికి న్యాయమూర్తి సెడ్లీ అంగీకరించలేదు. ఆ తర్వాతి కాలంలో కెన్నెట్, లాంబోర్న్ వరదమైదానంలోని కొన్ని చిత్తడి ముక్కలను ప్రధానంగా ఈ నత్త కోసమే ప్రత్యేక సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. అంటే రోడ్డు ఆపలేకపోయిన నత్త పేరు మీదే ఇప్పుడు ఆ లోయలోని మిగతా చిత్తడికి రక్షణ ఉంది. వ్యాజ్యం ఓడిపోయిందని మాత్రమే గుర్తుపెట్టుకునేవారు ఈ రెండవ సగాన్ని వదిలేస్తారు, అది నాకు అన్యాయంగా తోస్తుంది.

మీ సహోద్యోగులు ఈ మధ్య ఇళ్ళ నిర్మాణాన్ని ఆపిన నత్త గురించి కూడా మాట్లాడి ఉంటారు. అది వేరు. ససెక్స్‌లో చర్చకు వచ్చినది యానిసస్ వోర్టిక్యులస్ అనే చిన్న నీటి నత్త, ఆరన్ లోయ కాలువల్లో ఉంటుంది. 2021లో ప్రభుత్వ ప్రకృతి సలహా సంస్థ నేచురల్ ఇంగ్లండ్ ఆ ప్రాంతంలో కొత్త నిర్మాణాలు నీటి వాడకాన్ని పెంచకూడదని చెప్పినప్పటినుండి అది వార్తల్లోకి ఎక్కింది. జీవులు వేరైనా తగవు మాత్రం అక్కడా నీటిదే.

జవాబు (కౌలాలంపూర్ నుండి)

తరలించడానికైనా ఏదో ఒకటి మిగలాలి. ఇక్కడ మలేసియాలో పహాంగ్ రాష్ట్రంలో కువాంతాన్ దగ్గర బుకిత్ పాంచింగ్ అనే సున్నపురాతి గుట్ట ఉండేది. ప్లెక్టోస్టోమా స్కియాఫిలం అనే సూక్ష్మ నత్త ప్రపంచంలో ఆ ఒక్క గుట్ట మీదే ఉండేది. సున్నపురాయి కోసం గుట్టను పూర్తిగా తవ్వేశారు, నత్తను అంతరించిన జాతిగా ఐయూసీఎన్ నమోదు చేసింది. సున్నపు గుట్టలు చుట్టూ ఆమ్ల నేలల మధ్య విడివిడిగా ఉంటాయి, గుల్ల కట్టుకోవడానికి సున్నం లేని నేల దాటి ఈ నత్తలు పక్క గుట్టకు పోలేవు, అందుకే గుట్టకొక జాతి చొప్పున ఏర్పడుతుంది. 2014లో పేరాక్ రాష్ట్రంలోని గునుంగ్ కాంతాన్ గుట్ట మీద దొరికిన ఒక కొత్త నత్తకు, ఆ గుట్టను తవ్వుతున్న లఫార్జ్ సిమెంటు కంపెనీ పేరు మీదుగానే కారోపా లఫార్జీ అని పేరు పెట్టారు. శాస్త్రవేత్తలు చేసిన ఈ పని నాకు చాలా నచ్చింది. తన పేరున్న జాతిని అంతం చేసిందన్న మాట పడడానికి ఏ కంపెనీ అయినా కొంత వెనుకాడుతుంది గదా.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నీటి సంగతి ఇంత స్పష్టంగా ఎక్కడా చదవలేదు. మూడవ సందేహం మిగిలింది: పెంచి వదలడం. అలాగే, ఊళ్ళో మా నాన్నగారికి ఈ కథ చెబితే, “మన తోటల్లో ఆఫ్రికా నత్తలను ఉప్పు చల్లి చంపుతుంటే మీరక్కడ నత్తలను కాపాడుతున్నారా” అని అడిగారు. ఆయనకు ఏమని చెప్పాలి?

జవాబు (జంతుశాస్త్ర అధ్యాపకురాలు, గుంటూరు)

మీ నాన్నగారి ప్రశ్నకూ మీ మూడవ సందేహానికీ జవాబు ఒకే కథలో ఉంది. ఆఫ్రికా రాక్షస నత్త మన దేశానికి తనంతట తాను రాలేదు. 1847లో విలియం బెన్సన్ అనే నత్తల శాస్త్రజ్ఞుడు మారిషస్ నుండి తెచ్చి కలకత్తాలో చౌరంగీ ప్రాంతంలోని ఒక తోటలో వదిలాడు. అక్కడినుండి దేశమంతా పాకింది. ఆ బెన్సనే 1851లో మేఘాలయ సున్నపు కొండల నుండి జియోరిస్సా సరిటా అనే అతి చిన్న నత్తను వర్ణించాడు. ఆ ప్రజాతిలో మరో జాతిని అదే ప్రాంతంలోని మాస్మాయి గుహలో గుర్తించి పేరు పెట్టడం 2021లో, అంటే 170 ఏళ్ళ తర్వాత జరిగింది. ఒకే మనిషి ఒక చేత్తో తెగులును తెచ్చాడు, మరో చేత్తో దుర్లభమైనదాన్ని లోకానికి చూపించాడు. కాబట్టి మీ నాన్నగారు చంపుతున్నదీ ఇంగ్లండులో కాపాడుతున్నదీ రెండూ నత్తలే కావడం తప్ప వాటి మధ్య పోలిక లేదు. ఆయన తన తోటలో చేసేది సరైన పనే.

ఆఫ్రికా నత్త పసిఫిక్‌లోని ఫ్రెంచ్ పాలినీషియా దీవులకు కూడా చేరింది. దాన్ని అదుపుచేయడానికి 1977లో మోరియా దీవిలో యూగ్లాండినా రోసియా అనే వేట నత్తను వదిలారు. అది ఆఫ్రికా నత్తను వదిలి, స్థానిక పార్టులా నత్తలను తినేసింది. పదేళ్ళలో మోరియా పార్టులాలు అడవిలో కనుమరుగయ్యాయి. వాటిలో కొన్నింటిని ముందే పట్టి లండన్, ఎడిన్‌బరో తదితర జంతుప్రదర్శనశాలల్లో పెంచారు, 2015 నుండి దీవులకు తిరిగి పంపుతున్నారు. పార్టులా తోహివియానా దీవిలోనే పుట్టి పెరిగిందని తేలడంతో 2024లో దాన్ని ‘అడవిలో అంతరించినది’ అన్న వర్గం నుండి మార్చారు. నత్తలను పెంచి వదలడం సాధ్యమేనని ఇది చూపిస్తుంది.

ఐతే పార్టులాలకు అడవి మిగిలే ఉంది, అక్కడికి వచ్చిన వేటగాడే సమస్య. డెమూలిన్ నత్త విషయంలో వేటగాడు లేడు, ఇల్లే తగ్గిపోతోంది. ఎండిపోయే తుంగ మీద ఎన్ని వేల నత్తలను పెంచి వదిలినా అవి ఆ వేసవి దాకానే ఉంటాయి. నీరు సరిగా నిలిచే చోటు ఉంటే, ఒక్క నత్తనుండి కూడా జనాభా పెరగగల జీవికి మన పెంపకం అవసరం రాదు. అందుకే దీని పరిరక్షణలో ప్రదర్శనశాలల పేరు వినబడదు, బోర్ల అనుమతులు, కాలువల పూడిక, పశువుల మేత గురించిన చర్చలే వినబడతాయి. మేత ఎక్కువైతే తుంగ పొట్టిదై నత్తకు ఎక్కే కాడ ఉండదు. మేత పూర్తిగా మానితే పొదలు, విల్లో చెట్లు పెరిగి తుంగను నీడలో ముంచుతాయి.

జవాబు (విశ్రాంత నీటిపారుదల ఇంజనీరు)

పశువుల మేత సంగతి అధ్యాపకురాలు గారు చెప్పడం మంచిదైంది, నా జవాబులో నేను నీటి దగ్గరే ఆగిపోయాను. ప్రశ్న అడిగినవారు న్యూబరీ వైపు రోజూ వెళ్తారు కనుక ఒక సూచన. ఈ నత్తను చూడాలని ఉంటే సెప్టెంబరు, అక్టోబరు నెలలు అనువైనవి, పెద్ద నత్తలు అప్పుడే కాడల మీద ఎక్కువగా ఉంటాయి. సర్వే చేసేవారు తుంగదుబ్బు కింద తెల్లని పళ్ళెం పట్టి, కాడలను వంచి తట్టి, రాలినవాటిని లెక్కపెట్టి మళ్ళీ అక్కడే వదులుతారు. రక్షిత చిత్తడిలో ఆ పని సొంతంగా చేయవద్దు, తొక్కిన దుబ్బు లేవడానికి సమయం పడుతుంది. 1876 నుండి పనిచేస్తున్న బ్రిటన్, ఐర్లండు కాంకలాజికల్ సొసైటీ (నత్తలు, గుల్లల అధ్యయన సంఘం) కొత్తవారిని కూడా క్షేత్ర పర్యటనలకు తీసుకువెళ్తుంది, కెన్నెట్ లోయకు వెళ్ళే రోజు ఎప్పుడుందో వారినే అడగండి. వెళ్ళినప్పుడు ఒక భూతద్దం వెంట ఉంచుకోండి, కనీసం పది రెట్లు చూపేది, లేకపోతే గుల్ల నోటిలోని బొడిపెలు కనబడవు. అలాగే ఆ చిత్తడిలో నీటిమట్టం కొలిచే గొట్టం ఎక్కడ ఉందో కూడా అడిగి చూడండి, ఉంటే ఆగస్టు లెక్కలు ఎలా ఉన్నాయో తెలుసుకొని ఇక్కడ రాయండి.